జిట్ వేగమా, సీ వేగమా?

వ్యాఖ్యాత: సూటిగా అడుగుతాను. ఒకవైపు ప్రోగ్రాంను చదువుతూ నడిపే ఇంటర్‌ప్రెటర్, దానికి తోడు నడుస్తుండగానే కోడ్‌ను ప్రాసెసర్ భాష అయిన మెషిన్ కోడ్‌లోకి మార్చే జిట్ (జస్ట్-ఇన్-టైమ్ కంపైలర్). ఇంకోవైపు నడవక ముందే అలా మార్చిపెట్టిన, అంటే కంపైల్ చేసిన సీ కోడ్. ఏది వేగం?

కంపైలర్ ఇంజనీరు: సీ. అంతే.

అధ్యాపకురాలు: అంత తొందర ఎందుకండీ? ప్రోగ్రాం ఎంతసేపు నడుస్తుందో ముందు చెప్పండి.

ఇంజనీరు: అర సెకను. జిట్ ఇంకా వేడెక్కుతుండగానే నా పని అయిపోతుంది.

అధ్యాపకురాలు: అక్కడ మీదే గెలుపు. గంటల తరబడి నడిచే సర్వర్ సంగతి వేరు.

వ్యాఖ్యాత: వేడెక్కడం అంటే లోపల జరిగేదేమిటి?

అధ్యాపకురాలు: రెండు విలువల కూడికనే తీసుకోండి. ఇంటర్‌ప్రెటర్ ప్రతిసారీ అడుగుతుంది: ఇవి పూర్ణాంకాలా, దశాంశాలా, స్ట్రింగులా? జిట్ కొంతసేపు గమనిస్తుంది. లువా భాషకు ఉన్న జిట్, లువాజిట్ అయితే మామూలుగా ఒక లూప్ 56 సార్లు తిరిగాక దాని మీద కన్నేస్తుంది. వస్తున్నవన్నీ పూర్ణాంకాలే అని తేలితే ఒక చిన్న తనిఖీ, దాని వెనుకే మెషిన్ కోడ్‌లో కూడిక. ఆ ప్రశ్నలన్నీ పోయినట్టే.

ఇంజనీరు: ఆ తనిఖీ కూడా సీలో ఉండదు. పైగా పది లక్షల సార్లు అంకెలు వచ్చి, ఆ తర్వాత ఒక స్ట్రింగ్ వచ్చిందనుకోండి?

అధ్యాపకురాలు: ఆ కోడ్‌ను వదిలి మళ్లీ ఇంటర్‌ప్రెటర్‌లోకి దిగాల్సిందే. డీఆప్టిమైజేషన్ అంటాం.

ఇంజనీరు: సరిగ్గా రద్దీ వేళలోనే దిగుతుంది, అదే మా గోల!

వ్యాఖ్యాత: సీని జిట్ ఓడించే చోటే లేదా?

అధ్యాపకురాలు: ఎందుకు లేదు? జావాలో ఒక అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకు, అంటే కొన్ని పనుల వివరాలను వారస క్లాసులకే వదిలేసే క్లాసుకు, ఇప్పటిదాకా ఒకే వారస క్లాసు లోడ్ అయితే, జావాను నడిపే హాట్‌స్పాట్ ఆ వారస క్లాసులోని మెథడ్ (ఫంక్షన్) కోడ్‌ను పిలిచిన చోటే ఇమిడ్చేయగలదు. రేపు రెండో వారస క్లాసు వస్తే వెనక్కి తీసుకుంటుంది. ముందే కంపైల్ చేసేవారికి ఆ ధైర్యం ఉండదు.

ఇంజనీరు: ప్రొఫైల్, అంటే ప్రోగ్రాం నడిచిన తీరు లెక్క, తీసుకుని మళ్లీ కంపైల్ చేస్తే మాకూ కొంత తెలుస్తుంది. కాకపోతే అది నిన్నటి డేటా.

వ్యాఖ్యాత: ఆండ్రాయిడ్ రెండు దారులూ తొక్కింది కదా?

ఇంజనీరు: 2010లో 2.2 వెర్షన్‌తో జిట్ వచ్చింది. 2014లో 5.0తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కంపైల్ చేయడం మొదలుపెట్టారు. అప్‌డేట్ తర్వాత ‘యాప్‌లను ఆప్టిమైజ్ చేస్తోంది’ అన్న తెర ముందు ఎంతసేపు కూర్చున్నామో! 2016లో 7.0తో జిట్ తిరిగొచ్చింది. ఎక్కువగా వాడే భాగాలను మాత్రం ఫోను చార్జింగ్‌లో ఖాళీగా ఉన్నప్పుడు కంపైల్ చేసి పెడుతుంది.

అధ్యాపకురాలు: మరి ‘సీ, అంతే’ అన్న జవాబు?

ఇంజనీరు: ‘అంతే’ ఒక్కటీ తీసేయండి.