ఒక్క మాత్రతో తీరేది కాదు

శ్రోతలకు నమస్కారం. మన చిత్తూరు పల్లెల్లో గొర్రెలు పెంచేవాళ్లకు నట్టల మందు గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. మందకంతా ఒకే రోజు తాగించేస్తారు. జైల్లో ఉన్న మనుషుల కడుపు విషయంలోనూ చాలామంది ఇలాగే అనుకుంటారు. తలా ఒక ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మాత్ర, 400 మిల్లీగ్రాములది, మింగిస్తే సరిపోతుందని. సరిపోదు.

ఆమధ్య నా దగ్గరికి వైద్యానికి ఒక రైతు వచ్చాడు. పలమనేరు వైపు టమాటా వేస్తాడు. ఏదో గట్టు తగాదాలో మూడు నెలలు రిమాండులో ఉండి బెయిలు మీద బయటికొచ్చాడు. ఏ జైలో మనకు అనవసరం. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది, ఒంట్లో రక్తం తక్కువ. "అంతా జైలు తిండి సార్" అన్నాడు.

మలపరీక్షలో కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. ఈ పురుగు ఒకరి నుంచి ఒకరికి నేరుగా అంటదు. గుడ్డు తడిమట్టిలో పడి, పిల్లపురుగై, ఉత్తకాళ్ల చర్మం గుండా ఒంట్లోకి దూరుతుంది. ఏళ్ల తరబడి పేగును పట్టుకుని రక్తం తాగుతుంది. సిమెంటు నేల బ్యారక్‌లో దానికి చోటెక్కడ? ఆయన దాన్ని తన చేలోనించే తీసుకెళ్లి ఉంటాడు.

అదే మలాన్ని అయోడిన్ చుక్కతో చూస్తే మరొకటి దొరికింది. కోడిగుడ్డు ఆకారంలో పసుప్పచ్చగా, జియార్డియా అనే విరేచనాల సూక్ష్మజీవి తిత్తులు. ఇది జైల్లో అంటుకున్నదేనని నా అనుమానం. పదిమంది ఒకే తొట్టి నీళ్లు ముంచుకునే చోట, సబ్బు లేని మరుగుదొడ్డి పక్కన, దీనికి పండగే. పది తిత్తులు లోపలికి పోయినా చాలు. మామూలు క్లోరిన్‌కు ఓ పట్టాన చావదు, నీళ్లు తెర్లించాల్సిందే. ఒక్క ఆల్బెండజోల్ మాత్రకూ లొంగదు, దీని మందు వేరు.

ఇక ఇరుకు పడకల్లో పాకే సన్న నులిపురుగులున్నాయి. రాత్రిపూట దురద, గోళ్లలో గుడ్లు, దుప్పట్లో గుడ్లు. వీటికి రెండు వారాల తర్వాత మళ్లీ మాత్ర వెయ్యాలి.

2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం ఏడాది నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం. పెద్ద ఖైదీలు అందులోకి రారు. కొత్తగా వచ్చిన ఖైదీని పరీక్షించి, గాయాలూ మచ్చలూ రాసుకోవాలని 1894 నాటి జైళ్ల చట్టమే చెప్పింది. ఆ పూటే విరేచనం ఎలా అవుతోందని ఒక మాట అడిగి, చిన్న డబ్బాలో నమూనా పట్టుకుంటే ఎంత ఖర్చు? వంటపనిలో పెట్టే ఖైదీలకైతే ముందు అదే చెయ్యాలంటాను.

మన రైతుకు రెండు మందులూ, ఇనుము మాత్రలూ రాశాను. ఇంట్లోవాళ్లకూ పరీక్ష చేయించమన్నాను. మళ్లీ వచ్చినప్పుడు కాళ్లకు కొత్త చెప్పులున్నాయి. చేలో నీళ్లు కట్టేటప్పుడు మాత్రం గట్టు మీదే విడిచేస్తాడట. బురదలో నిలవవు సార్, అన్నాడు.