ఆకు, నీళ్లు, మా ఆవిడ గిన్నె

(గ్రంథాలయ వారోత్సవాల్లో కనిగిరిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ వరసగా రాసి లైబ్రేరియన్ గారు నా చేతికి చీటీ ఇచ్చారు. పద్నాలుగు పేర్లున్నాయి. అవన్నీ చదివేలోపు ఈ కెటిల్లో నీళ్లు చల్లారిపోతాయి. పేరుపేరునా నమస్కారం పెట్టాననుకోండి, పెద్దలు ఏమీ అనుకోవద్దు.

ఇదిగో, బల్ల మీద రెండు గాజు గ్లాసులు. ఎడమ దాంట్లో మా వీధి బోరు నీళ్లు, కుడి దాంట్లో క్యాను నీళ్లు. రెండూ ఇప్పుడే తెర్లించినవి. ఆకు మాత్రం ఒకటే, డార్జిలింగ్ టీ ఆకు. గ్లాసుకు 2 గ్రాముల చొప్పున బంగారం కొట్లో తూయించి పొట్లాలు కట్టి తెచ్చాను. వేస్తున్నాను. పైన సాసర్లు మూత పెడుతున్నాను. ముందు వరసలో కూర్చున్న అబ్బాయ్, టైము చూడు. 4 నిమిషాలు కాగానే చెయ్యెత్తు.

నన్ను పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లు రేపూ ఎల్లుండీ వస్తారు. ఇంట్లో ఆకు టీ ఎలా కాచుకోవాలో నేను చెబుతాను, ఒప్పుకుంటే వస్తానన్నాను. ఒప్పుకున్నారు.

మనం రోజూ తాగే టీ పొడి, ఈ ఆకు, షాపుల్లో అమ్మే గ్రీన్ టీ, మూడూ ఒకే జాతి చెట్టువి. తేడా అంతా కోశాక చేసే పనిలో ఉంది. ఆకును వాడబెట్టి, నలిపి చుట్టి, గాలి తగలనిస్తే నల్లబడుతుంది. కోసిన వెంటనే వేడి తగిలిస్తే పచ్చగానే నిలుస్తుంది, అది గ్రీన్ టీ. ఇక మన పొడి ఉంది చూశారూ, ఆవాల్లాగా గుండ్రంగా ఉండేది, దాన్ని సీటీసీ అంటారు. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, చుట్ట చుట్టేస్తారు. ఆ మిషను 1930లలో అస్సాంలో వచ్చింది. నిమిషంలో రంగు దిగుతుంది, పాలు పోసినా తట్టుకుంటుంది. మన టీ బంకులన్నీ దాని మీదే బతుకుతున్నాయి.

ఒక తమాషా చెప్పాలి. ఆ 1930లలోనే టీ కంపెనీలవాళ్లు మన దేశంలో ఇంటింటికీ మనుషుల్ని పంపించి, టీ కాచి చూపించి, ఊరికే పోశారు. రైల్వే స్టేషన్లలో రేకు బోర్డులు పెట్టారు. వేడినీళ్లు పొయ్యి, ఆకు నాననివ్వు, కాసిని పాలు కలుపు, ఇదీ వాళ్ల పాఠం. మనవాళ్లు ఆ పాఠం విన్నారు, ఊరికే పోసిన టీ తాగారు, ఇంటికొచ్చి ఆకూ పాలూ చక్కెరా అన్నీ ఒకే గిన్నెలో వేసి తుకతుకా ఉడకబెట్టారు. నేను తప్పు పట్టడం లేదు. ఆకు ఉడికితే వగరు మొత్తం దిగుతుంది. పాలల్లోని ప్రొటీను ఆ వగరును పట్టేసుకుంటుంది, అందుకే అది నోటికి బాగుంటుంది. కానీ పాలు లేకుండా తాగే ఆకును ఉడకబెడితే మాత్రం నాలుక మీద పచ్చి మామిడి జీడి రాసినట్టే.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఆవిడ మూడో వరసలో కూర్చుంది. ఆమె ఉండగా చెప్పాలనే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

పదేళ్ల కిందట మా అల్లుడికి డార్జిలింగ్ దగ్గరి సిలిగురిలో ఉద్యోగం. పండక్కి వస్తూ అరకిలో ఆకు తెచ్చాడు. పాలు పొయ్యొద్దు మామయ్యా అన్నాడు. సరే, మరుసటి రోజు పొద్దున్నే మా ఆవిడ కాచి గాజు గ్లాసులో పోసి ఇచ్చింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వంచి చూశాను. పైన పల్చటి పొర. ఎండ పడితే రంగులు మెరుస్తోంది. ఊదితే ఎండిన చెరువులో ఒండ్రులాగా పెళ్లలు పెళ్లలుగా విడిపోయింది. నేనేమన్నాను? "నూనె గిన్నెలో కాచావా?" అన్నాను. అల్లుడి ముందు అన్నాను.

అది ఒక రోజుతో పోలేదు. ఆర్నెల్లు నడిచింది. ఆమె చింతపండు పెట్టి తోమింది, బూడిద పెట్టి తోమింది, టీ కోసం వేరే గిన్నె కొన్నది. పొర పోలేదు. గిన్నె కడగడం కూడా రాదా అని రోజూ సణిగేవాణ్ని. వచ్చిన చుట్టాలకు కూడా చెప్పాను. ఇప్పుడు తల్చుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

ఆ ఏడు నవంబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు. కరెంటు లేదు, బోరు ఆడలేదు, క్యాన్ల ఆటో రాలేదు. మా ఆవిడ తొలి వాన పోనిచ్చి, డాబా గొట్టం కింద బిందెలు పెట్టి నీళ్లు పట్టింది. బట్టలో వడగట్టి, బాగా తెర్లించి టీ పెట్టింది. గ్లాసు నా ముందు పెట్టి పక్కనే నిలబడింది. తేనె రంగు, అడుగు కనిపిస్తోంది. పైన ఏమీ లేదు. "చూశావా, సరిగ్గా కడిగితే ఎలా ఉందో" అన్నాను. ఆమె ఏమందో తెలుసా? "ఈ పూట గిన్నె కడగలా" అంది.

నేను సైన్సు మాస్టర్ని. ఇరవై ఎనిమిదేళ్లు కఠిన జలం పాఠం చెప్పాను. కాల్షియం, మెగ్నీషియం, సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, గిన్నె అడుగున సున్నం కడుతుంది. ఈ హాల్లో సగం మంది ఆ పాఠం నా దగ్గరే చదివి పరీక్ష రాశారు. ఆ సున్నం నీళ్లే ఆకులోని వగరుతో, గాలితో కలిసి పైన పొర కడతాయని నాకు తట్టలేదు. పాఠం బడిలో వదిలేసి ఇంటికి వెళ్లేవాణ్ని. పాలు పోసిన టీలో అది మీగడలో కలిసిపోతుంది, కనపడదు. ఇన్నేళ్లూ దాన్ని మీగడ అనుకుని...

ఏందబ్బాయ్? చెయ్యి ఎప్పుడెత్తావు? పదమూడు నిమిషాలా! నోటితో చెప్పొచ్చు కదయ్యా. మాస్టారు మాట్లాడుతుంటే ఎలా చెబుతామంటావు, అదీ నిజమే.

సరే, తాగడానికి పనికిరాదు. చూడటానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది, మూతలు తీస్తున్నాను. ఎడమది చూడండి, మట్టి రంగు, పైన పొర. వెనక వరసవాళ్లు లేచి రండి, మొహమాటం లేదు. కుడిది ఎర్రగా తేటగా ఉంది. ఇప్పుడు ఎడమ దాంట్లో నిమ్మకాయ పిండుతున్నాను. నాలుగు చుక్కలు. పొర కరిగిపోతోంది, రంగు తేలుతోంది, చూశారా? నిమ్మ పులుపు చేసే పని అది.

అయితే నిమ్మకాయ ఉంది కదా అని బోరు నీళ్లు వాడేయకండి. ఇది కాస్త గట్టిగా చెప్పాలి. ఎంతమంది ఇళ్లల్లో తాగడానికి క్యాను, టీకి బోరు? చేతులెత్తండి. చూశారా. మా ఇంట్లోనూ అంతే ఉండేది. టీకే కదా, ఎలాగూ మరుగుతాయి కదా అనుకున్నాం. మరిగిస్తే క్రిములు చస్తాయి. మన బోరు నీళ్లలోని ఫ్లోరైడు చావదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినవాటిలో ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కనిగిరి చుట్టుపక్కల వంగిన నడుములు, మరకలు పడ్డ పళ్లు మీకు నేను చూపించాలా? పైగా టీ చెట్టు కూడా మట్టిలోంచి ఫ్లోరైడు పీల్చి ఆకులో దాచుకుంటుంది, ముదురాకులో మరీ ఎక్కువ. అంటే మనం రెండు వైపుల నుంచీ తాగుతున్నాం. మీ బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. ఈ వారంలోనే చేయించండి.

మిగతాది తొందరగా చెబుతాను, భోజనాల వేళయింది. గ్లాసు నీళ్లకు 2 గ్రాముల ఆకు. చెంచా కొలతను నమ్మొద్దు, పొడి చెంచాడు బరువు తూగుతుంది, విప్పారిన ఆకు చెంచాడు గాలే ఎక్కువ. నల్ల ఆకుకు నీళ్లు తెర్లాలి, స్టవ్ కట్టేశాకే ఆకు వెయ్యాలి. మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు, ఆ తర్వాత వడగట్టాల్సిందే. గ్రీన్ టీకి అంత వేడి కూడదు, 80 డిగ్రీలు చాలు. థర్మామీటరు అక్కర్లేదు, తెర్లిన నీళ్లను వేరే గిన్నెలోకి వంచి ఐదు నిమిషాలు ఆగండి. డబ్బాను పోపుల పెట్టె పక్కన పెట్టొద్దు. మా ఇంట్లో ఒకసారి ఎండుచేపల డబ్బా పక్కన పెట్టాం. వారం రోజులు టీ నీళ్లలో ఎండు నెత్తళ్ల వాసన.

అబ్బాయ్, క్యాను నీళ్లు కెటిల్లో పోసి మళ్లీ పెట్టు. ఈసారి నేను నోరు మూసుకుంటాను. అందరికీ తలా ఒక గుక్క వస్తుంది. ఆ మూలనున్న ఎర్ర ఫ్లాస్కు మాత్రం ముట్టుకోకండి. అందులో పాలు పోసి, అల్లం దంచి వేసి, తుకతుకా ఉడికించిన టీ ఉంది. అది మా ఆవిడది. నేనే కాచాను, గిన్నె కూడా నేనే కడిగాను.