పిల్లాడి పన్ను నొప్పికి ఇల్లంతా మేలుకుంటుంది

శ్రోతలందరికీ నమస్కారమండి. నేను విశాఖపట్నంలో చిన్నపిల్లల పళ్ళు చూసే డాక్టర్‌ని. పుచ్చిపళ్ళ గురించి మాట్లాడమన్నారు, మాట్లాడతాను, కానీ ముందు ఆ పిల్లలున్న ఇళ్ళ గురించి చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరికి వచ్చేసరికి పిల్లాడితో పాటు ఇంట్లో అందరూ అలిసిపోయి ఉంటారు.

పిల్ల పగలంతా బానే ఆడుకుంటది, రాత్రి పడుకోబెట్టగానే ఏడుపు మొదలవుద్ది. పడుకుంటే తల వైపు రక్తం ఎక్కువ చేరుద్ది, పుచ్చు లోపలి నరం దాకా వెళ్ళిన పన్నులో ఒత్తిడి పెరుగుద్ది, అందుకే రాత్రిళ్ళు అంత నొప్పి. మూడేళ్ళ పిల్లకి పన్ను నొప్పి అని చెప్పడం రాదు కదా, చెవి పట్టుకుంటది, అన్నం బుగ్గన పెట్టుకుని మింగదు, చల్లటి నీళ్ళు తాగనంటది, మనమేమో మారాం చేస్తోందని కసురుతాం. ఒక్క గది ఇళ్ళలో అయితే మరీ కష్టమండి, అమ్మ భుజానేసుకుని తిరుగుతుంటది, పెద్దపిల్లాడు లేచిపోతాడు, మర్నాడు క్లాసులో తూగుతాడు, నాన్నకి స్టీల్ ప్లాంట్‌లో పొద్దున్నే డ్యూటీ, లేదా చీకటితోనే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాలి, నిద్ర లేకుండానే వెళ్తాడు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలంటే ఇద్దరిలో ఒకరు పని మానాలి, రోజుకూలి వాళ్ళకైతే ఆ రోజు డబ్బులు పోయినట్టే, పైగా ఆటో ఖర్చు. డాక్టర్ బిల్లు ఒక్కటే లెక్కేసుకుంటాం గానీ ఇవన్నీ ఎవరు లెక్కేస్తారు?

లెక్కేసిన వాళ్ళున్నారు. అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్ళు 2007లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం 13 ప్రశ్నల పట్టిక ఒకటి తెచ్చారు, దాన్ని ఎకోహిస్ అంటారు, చాలా దేశాల్లో వాడుతున్నారు. అందులో 9 ప్రశ్నలు పిల్ల గురించి, నొప్పి ఉందా, తినగలుగుతోందా, నిద్ర పడుతోందా, స్కూల్ మానేసిందా, నవ్వడానికి వెనకాడుతోందా ఇలాంటివి. మిగతా 4 ఇంటివాళ్ళ గురించి. మీరు బాధపడ్డారా, మీ వల్లే అయిందని అనిపించిందా, పని మానుకోవాల్సొచ్చిందా, డబ్బు ఇబ్బంది అయిందా.

మీ వల్లే అయిందని అనిపించిందా అన్న ఆ రెండో ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెట్టేది. పిల్ల నోరు తెరిపించి చూస్తున్నప్పుడు నేనేమీ అడక్కుండానే తల్లి సంజాయిషీ మొదలెడుతుంది, రోజూ బ్రష్ చేయిస్తానండి, చాక్లెట్లు నేను కొనను, వాళ్ళ తాతయ్యే తెస్తారండి అని. పక్కనున్న అత్తగారు నువ్వు చూసుకోలేదు కాబట్టే అంటారు, భర్త ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. మళ్ళీ ఆ మాటలు పడాలని కొందరు తల్లులు రావడమే వాయిదా వేస్తారు, ఆ రెండు మూడు నెలల్లో చిన్న సిమెంటుతో పోయే పుచ్చు నరం దాకా వెళ్ళిపోతుంది. నేను గట్టిగా చెప్తున్నాను, రాత్రి పాలసీసాలో పంచదార వేసి ఇవ్వడం, పిల్ల ఏడిస్తే బిస్కెట్ చేతిలో పెట్టడం, నిద్రపోయే ముందు తియ్యటి సిరప్ పట్టి నోరు కడగకపోవడం, ఇవి ఇంట్లో అందరూ చేసే పనులే, నింద మాత్రం అమ్మ ఒక్కదాని మీదే పడటం న్యాయం కాదు.

రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోద్ది, తియ్యటి పాలు పళ్ళ మీద అలాగే ఉండిపోతాయి, నోట్లో బ్యాక్టీరియా ఆ తీపిని యాసిడ్ చేస్తుంది, యాసిడ్ పంటి పైపొరని కరిగిస్తుంది. ముందుగా పోయేవి పైన ముందు పళ్ళు, కింద ముందు పళ్ళని నాలుక కొంత కాపాడుతుంది. తీపి ఎంత తిన్నారన్న దానికన్నా రోజుకి ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యమండి, గంటగంటకీ ఒక బిస్కెట్ కన్నా అన్నంతో పాటే ఒక స్వీటు నయం.

ఇంక పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి అనే మాట. ముందు పళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి నిజమే, కానీ నమిలే పాలదవడ పళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలి. నాలుగేళ్ళకే పుచ్చితే అన్నేళ్ళు ఆ పిల్ల ఎలా నమలాలి? ముందే పీకేస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి, కొత్త పన్ను వంకరగా వస్తుంది, తర్వాత క్లిప్పులకి మళ్ళీ డబ్బులు.

లవంగ నూనె పెడితే నొప్పి కాసేపు తగ్గుద్దేమో, పుచ్చు మాత్రం ఆగదు, పైగా చిన్నపిల్లల చిగురు కాలే ప్రమాదం ఉంది.

మరి ఏం చెయ్యాలంటే, మొదటి పన్ను రాగానే బ్రష్ మొదలెట్టండి. మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, ఆ తర్వాత బఠాణీ అంత ఫ్లోరైడ్ పేస్ట్ చాలు. రాత్రి బ్రష్ ముఖ్యం, అది నాన్న చేయిస్తే ఇంకా మంచిది, అమ్మకి కాస్త ఊపిరాడుతుంది. ఏడాది నిండేలోపే ఒకసారి డాక్టర్‌కి చూపించండి. వారానికోసారి పై పెదవి ఎత్తి చూడండి, చిగురు అంచున తెల్లటి సుద్దగీత లాంటిది కనబడితే అది పుచ్చుకి మొదలు, అప్పుడొస్తే ఫ్లోరైడ్ పూతతో చాలాసార్లు ఆపగలం, డ్రిల్లింగ్ అక్కర్లేదు. పుచ్చు పడ్డాక కూడా కొన్నిటికి వెండి ఉన్న ఒక మందు పూసి ఆపొచ్చు, పుచ్చిన చోట నల్లబడుద్ది గానీ సూదీ నొప్పీ ఉండవు.

డబ్బు భయంతో ఆగిపోకండి. అంగన్‌వాడీల్లో, గవర్నమెంట్ స్కూళ్ళలో పిల్లల ఆరోగ్య పరీక్షలకి 2013 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది, అందులో పుచ్చిపళ్ళు కూడా చూస్తారు, మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. ఇక్కడ విశాఖలో కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ గవర్నమెంట్ హాస్పిటల్ ఉంది, రుషికొండలో గీతం డెంటల్ కాలేజీలో చిన్నపిల్లల పళ్ళకి విడిగా విభాగం ఉంది. బుగ్గ వాచి జ్వరం వస్తే మాత్రం పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, కన్ను కిందకి గానీ మెడకి గానీ వాపు పాకితే ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిపోండి.