వాయువు బోలెడు, చుక్కలు కొన్నే

శ్రోతలకు నమస్కారం. మన ఎఫ్‌ఎమ్ స్టేషన్లు 88 నుంచి 108 మెగాహెర్ట్‌జ్ మధ్య పలుకుతాయి. ఆకాశంలో విడి పరమాణువులుగా ఉన్న హైడ్రోజన్ రేడియో తరంగాలుగా పలికేది 1420 మెగాహెర్ట్‌జ్ దగ్గర. ఆ తరంగం పొడవు 21 సెంటీమీటర్లు. ఒక గెలాక్సీలో ఈ పలుకు ఎంత గట్టిగా వినిపిస్తే అంత హైడ్రోజన్ ఉన్నట్టు లెక్క.

మాలిన్-1 అనే గెలాక్సీ 1986లో బయటపడింది. ఫొటో ప్లేట్ల మీద అతి మసక వెలుగును తేల్చి చూపే డేవిడ్ మాలిన్ పద్ధతి వల్లే అది దొరికింది. దూరం సుమారు 120 కోట్ల కాంతి సంవత్సరాలు. అది మననుంచి దూరంగా జరుగుతోంది కనుక దాని పలుకు 1312 మెగాహెర్ట్‌జ్‌కు దిగి మనల్ని చేరుతుంది. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎమ్‌ఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు వినగలిగే పరిధిలోదే ఇది.

మాలిన్-1లో హైడ్రోజన్ సుమారు 6,700 కోట్ల సూర్యుల బరువు ఉంటుంది. మన పాలపుంతలో ఉన్నదానికి ఎన్నో రెట్లు! అయినా అక్కడ చుక్కల పుట్టుక మందకొడి. ఇదే నడకన సాగితే ఆ నిల్వ కరగడానికి విశ్వం వయసైన 1,380 కోట్ల ఏళ్ళు కూడా చాలవు.

కారణం ఆ వాయువు పరుచుకున్న తీరులో ఉంది. చెరువు నిండా ఉన్న నీళ్ళను ఊరి పొలాలన్నిటికీ పారిస్తే పాదం కూడా మునగదు. బయటినుంచి వచ్చే వాయువు తిన్నగా నడిమధ్యకు జారదు. వచ్చేటప్పుడే తిరుగుడుతో వస్తుంది. ఆ తిరుగుడు వదిలించుకోవడం కష్టం కనుక దూరంగానే చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. పళ్ళెంలా పరుచుకున్న మాలిన్-1 కేంద్రంనుంచి అంచుకు దాదాపు మూడు లక్షల కాంతి సంవత్సరాలు. అంత మేర పరిస్తే ఒక్కో చదరపు పార్సెక్‌కు, అంటే వైపుకు 3.26 కాంతి సంవత్సరాలున్న గడికి, దక్కేది సుమారు రెండున్నర సూర్యుల బరువే. మామూలు గెలాక్సీల్లో ఇది పది దాకా పెరిగితేనే విడి పరమాణువులు పెద్దఎత్తున జంటకట్టి అణు హైడ్రోజన్ అవుతాయి. చుక్కలు పుట్టేది ఆ చల్లని అణుమేఘాల్లోనే.

జంటకట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. శూన్యంలో రెండు పరమాణువులు ఎదురుపడితే మిగులు శక్తిని వదిలించుకోలేక మళ్ళీ విడిపోతాయి. ధూళి రేణువు మీద కలిస్తే ఆ శక్తిని రేణువు పుచ్చుకుంటుంది. ఆ ధూళిని తయారుచేసేదేమో నక్షత్రాలు! చుక్కలు తక్కువైనచోట ధూళీ తక్కువే. పైగా వాయువు పలచనైతే అతినీలలోహిత కాంతి లోపలికి దూరి, కట్టిన జంటల్నీ విడగొడుతుంది.

కొలతలో ఒక చిక్కు ఉంది. చల్లని అణు హైడ్రోజన్ తనంతట తాను దాదాపు పలకదు. దాని తోడుగా ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను 2.6 మిల్లీమీటర్ల తరంగం దగ్గర వెతుకుతాం. కార్బన్, ఆక్సిజన్, ధూళి తక్కువున్న గెలాక్సీలో ఆ తోడే బలహీనం. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ దొరకనంత మాత్రాన అణు హైడ్రోజన్ లేదని తేల్చేయకూడదు.

మాలిన్-1 పూర్తిగా గొడ్డుపోయిందని మాత్రం అనుకోకండి. చిలీలోని 6.5 మీటర్ల మగెల్లాన్ టెలిస్కోపు చిత్రాల్లో, 2015లో, దాని విశాలమైన సర్పిల బాహువులు స్పష్టంగా కనిపించాయి. ఆ బాహువుల వెంబడి, వాయువు కాస్త నొక్కుకుపోయిన చోట్ల, కొత్త నక్షత్రాల నీలి మరకలు అక్కడక్కడా వెలుగుతున్నాయి.