గోడ మీది పట్టిక తీసేయండి: హ్యామ్ రేడియో కోసం మోర్స్ నేర్చుకునే పద్ధతి

[తెర నల్లగా ఉంటుంది. ధ్వని మాత్రమే: డా-డి-డా-డిట్, డా-డా-డి-డా. రెండుసార్లు. తర్వాత బెంగళూరులో ఒక ఫ్లాటు, బల్ల మీద రేడియో, పక్కన మోర్స్ పంపే మీట, అంటే కీ.]

వ్యాఖ్యాత: నమస్కారం. ఇప్పుడు మీరు విన్నది సి, క్యూ. "ఎవరైనా వింటున్నారా, మాట్లాడుకుందాం రండి" అని హ్యామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, మోర్స్‌లో వేసే పిలుపు ఇది. మోర్స్ అంటే పొట్టి, పొడుగు ధ్వనులతో అక్షరాలు పంపే పద్ధతి. ఈ వీడియోలో చుక్కలు, గీతల పట్టిక ఒక్కసారి కూడా చూపించను. హ్యామ్ లైసెన్సు కోసం జనరల్ గ్రేడ్ పరీక్షకు సిద్ధమవుతున్నాం అని నా దగ్గరికి వచ్చే మనవాళ్లలో చాలామంది అప్పటికే ఆ పట్టిక ప్రింటు తీసి గోడకు అంటించి ఉంటారు. ముందు ఆ కాగితం తీసేయండి. ఎందుకో చెప్తాను.

మన దేశంలో రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సుకు మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడ్‌కు కావాలి, నిమిషానికి 8 పదాల వేగంతో. వినడమూ రావాలి, పంపడమూ రావాలి. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు దీన్ని ఏ దేశం ఇష్టానికి ఆ దేశానికి వదిలేసింది. అమెరికా 2007లో పూర్తిగా తీసేసింది. అయినా అక్కడ మోర్స్ చచ్చిపోలేదు, సరదాతో నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పరీక్ష మాట పక్కన పెట్టినా బెంగళూరులో ఉండేవాళ్లకు దీని అవసరం ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో రేడియో పెడితే ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ కలిసి బ్యాండు నిండా గోల చేస్తుంటాయి. మాట వినాలంటే రిసీవర్‌కు దాదాపు 2,400 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కు 250 హెర్ట్జ్ ఫిల్టర్ చాలు. అంటే చెవిదాకా వచ్చే గోల పదో వంతుకు తగ్గిపోతుంది. బాల్కనీలో వేలాడే తీగతో, 5 వాట్లతో మాటలో వినపడని మనిషి మోర్స్‌లో వినపడతాడు.

[తెర మీద: నిమిషానికి 5 పదాలు, నిమిషానికి 20 పదాలు. రెండు వేగాల్లో అదే అక్షరం, ఆర్, ధ్వనిగా.]

వ్యాఖ్యాత: ఇప్పుడు అసలు విషయం. నిమిషానికి 5 పదాల వేగంలో ఒక డిట్, అంటే పొట్టి ధ్వని, 240 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆర్ అనే అక్షరం ముగియడానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. ఆ వ్యవధిలో మనసు లెక్క పెట్టేస్తుంది: పొట్టి, పొడుగు, పొట్టి. తర్వాత గోడ మీది పట్టికలో వెతుకుతుంది, దొరికాక రాస్తుంది. అదే అక్షరం 20 పదాల వేగంలో 420 మిల్లీసెకన్లలో అయిపోతుంది. లెక్కకు చోటే లేదు. పట్టికతో నేర్చుకున్నవాళ్లు 10 పదాల దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోవడానికి కారణం ఇదే. చెవి తప్పేమీ లేదు. మధ్యలో లెక్కించే అలవాటు ఒకటి వచ్చి కూర్చుంది, దాన్ని తర్వాత వదిలించుకోవడం మొదటినుంచీ నేర్చుకోవడం కంటే కష్టం.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఛందస్సు గుర్తుందా? య మా తా రా జ భా న స ల గం. ఒక పద్యం ఉత్పలమాల అని తేల్చడానికి పరీక్షలో గురులఘువులు గుర్తు పెట్టి, గణాలు విడగొట్టి చూశాం. కానీ పద్యాలు వింటూ పెరిగిన తాతయ్యకు మొదటి పాదం సగం కాకముందే ఇది ఉత్పలమాల అని తెలిసిపోతుంది. ఆయన భ ర న భ భ ర వ అని లెక్క పెట్టడు, నడక వింటాడు. మోర్స్ కూడా నడకే.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. మోర్స్‌లో మూడు ధ్వనుల అక్షరాలు సరిగ్గా ఎనిమిది. మన మూడక్షరాల గణాలూ ఎనిమిదే. లఘువును డిట్‌గా, గురువును డాగా, అంటే పొడుగు ధ్వనిగా, తీసుకుంటే మగణం ఓ, నగణం ఎస్, భగణం డి, యగణం డబ్ల్యు, జగణం ఆర్, సగణం యు, రగణం కె, తగణం జి. ఒక్కటి మిగలదు, ఒక్కటి తగ్గదు. గురువుకు రెండు మాత్రలు, డాకు మూడు డిట్ల నిడివి, ఆ తేడా మాత్రం ఉంది. ఇది నాకు ఎంతో ఇష్టమైన పోలిక. కానీ దీన్ని కూడా పట్టికలా రాసుకుని బట్టీ పట్టకండి, మళ్ళీ అదే గోడ దగ్గరికి వస్తారు.

[వ్యాఖ్యాత మేనల్లుడు బల్ల ముందు కూర్చుంటాడు. ముందు నోటు పుస్తకం, పెన్సిల్.]

వ్యాఖ్యాత: విను. [ధ్వని: డా-డి-డా]

మేనల్లుడు: గీత, చుక్క, గీ...

వ్యాఖ్యాత: ఆగు, విడగొట్టకు. ఇది కె. అంతే. ఇప్పుడు ఇది విను. [ధ్వని: డా-డా] ఇది ఎమ్. ఇక కలిపి వస్తాయి, వచ్చింది వచ్చినట్టు రాయి.

[ధ్వని: కె, ఎమ్ కలగలిపి, 20 పదాల వేగంలో. మేనల్లుడు రాస్తుంటాడు.]

మేనల్లుడు: మామయ్యా, మధ్యలో ఒకటి పోయింది.

వ్యాఖ్యాత: పోనీరా, ఖాళీ వదిలెయ్. దాని కోసం ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి రెండూ పోతాయి.

[మళ్ళీ వ్యాఖ్యాత ఒక్కరే.]

వ్యాఖ్యాత: ఇప్పుడు చూసిందే కోక్ పద్ధతి. లుడ్విగ్ కోక్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1936లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. మొదటి రోజే పూర్తి వేగం, కానీ రెండే అక్షరాలు. 100కు 90 సరిగ్గా రాయగలిగితే మూడో అక్షరం కలుపుతాం. మళ్ళీ 90 దాటితే నాలుగోది. వేగం తగ్గించడం ఉండదు, అక్షరాలు పెంచుకుంటూ పోవడమే. ఎల్‌సీడబ్ల్యూఓ అనే ఉచిత వెబ్‌సైటులో ఇదే వరసలో 40 పాఠాలు ఉన్నాయి. కె, ఎమ్, యు, ఆర్, ఇ, ఎస్ అని మొదలవుతుంది. ఏ వరసలో నేర్చుకోవాలి అని జనం వాదించుకుంటారు గానీ, నా మాట వింటే వరసకు అంత ప్రాధాన్యం లేదు. 90 రాకుండా తర్వాతి పాఠానికి వెళ్ళకపోవడమే ముఖ్యం.

కోక్ పద్ధతిలో కష్టం ఒకటుంది. 20 పదాల వేగంలో అక్షరాలు వెంటవెంటనే పడుతుంటే కొందరికి బెదురు పుడుతుంది. వాళ్లకు ఫార్న్స్‌వర్త్ పద్ధతి. రస్ ఫార్న్స్‌వర్త్ అనే అమెరికన్ హ్యామ్ పేరు మీద వచ్చింది. ఇందులో అక్షరం మాత్రం 18, 20 పదాల వేగంలోనే మోగుతుంది, అక్షరానికీ అక్షరానికీ మధ్య మౌనం పెంచుతాం. మొత్తం మీద వేగం 8 పదాలకు దిగుతుంది, నడక మాత్రం చెడదు. రెండూ కలిపి వాడమనే నేను చెప్తాను. కాకపోతే ఆ మౌనం తియ్యటి ఉచ్చు. అందులో ఆలోచించడం మరిగితే మళ్ళీ లెక్కలే. అందుకే నాలుగు కొత్త అక్షరాలు వచ్చినప్పుడల్లా మౌనాన్ని కాస్త కుదించండి.

సాధన పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే పెద్దగా ఉపయోగం ఉండదు, చెవి అలిసిపోతుంది. పర్పుల్ లైన్ మెట్రోలో వైట్‌ఫీల్డ్ వెళ్ళేవాళ్లకు ఆ పావుగంట చేతిలోనే ఉంది, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సరి.

[తెర మీద: ట్రాఫిక్‌లో ఆగిన బండ్ల నంబర్ ప్లేట్లు.]

వ్యాఖ్యాత: సిగ్నల్ దగ్గర ఇంకో పని చేయొచ్చు. ముందు బండి నంబర్ చూసి మోర్స్‌లో పాడటం. ఇక్కడ దాదాపు ప్రతి ప్లేటూ కె, ఎ తో మొదలవుతుంది: డా-డి-డా, డి-డా. అనంతపురం వైపు వెళ్తుంటే ఎ, పి వస్తుంది: డి-డా, డి-డా-డా-డిట్. పిల్లలు కూడా కలుస్తారు. అయితే ఒక తేడా గమనించండి. ఇక్కడ అక్షరం చూసి ధ్వని అంటున్నాం. వినేటప్పుడు ధ్వని నుంచి అక్షరానికి రావాలి. కాబట్టి ప్లేట్లు చదవడం పంపడానికి సాయపడుతుంది, వినే సాధనకు బదులు కాదు.

[దగ్గరి షాట్: బ్రెడ్‌బోర్డు మీద చిన్న సర్క్యూట్.]

వ్యాఖ్యాత: పంపడానికి ముందు ఒక ఆసిలేటర్, అంటే స్వరం పుట్టించే చిన్న సర్క్యూట్, కావాలి. ఎస్‌పీ రోడ్డుకు వెళ్తే ఇవన్నీ దొరుకుతాయి: 555 ఐసీ, 1 కిలో ఓం, 10 కిలో ఓం, 100 ఓం రెసిస్టర్లు ఒక్కొక్కటి, 0.1 మైక్రోఫారడ్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, చిన్న స్పీకర్, 9 వోల్టుల బ్యాటరీ. ఐసీ 4, 8 కాళ్లు కలిపి, కీ మీదుగా బ్యాటరీ ప్లస్‌కు. 1 మైనస్‌కు. 8కీ 7కీ మధ్య 1 కిలో ఓం, 7కీ 6కీ మధ్య 10 కిలో ఓం. 6, 2 కలిపేసి, అక్కడి నుంచి మైనస్‌కు 0.1 మైక్రోఫారడ్. 3వ కాలి నుంచి 100 ఓం, 10 మైక్రోఫారడ్ మీదుగా స్పీకర్‌కు, స్పీకర్ రెండో తీగ మైనస్‌కు. కీ నొక్కితే 690 హెర్ట్జ్ దరిదాపుల్లో స్వరం వస్తుంది. చెవికి హాయిగా ఉండే స్వరమే.

మోచెయ్యి బల్ల మీద ఆనించి, మణికట్టు ఆడించండి. వేళ్లతో టకటక కొడితే కాసేపటికే చెయ్యి పట్టేస్తుంది. కొలత ఇది: డా అంటే మూడు డిట్ల నిడివి, అక్షరం లోపలి విరామం ఒక డిట్, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. కొత్తవాళ్ల పంపకంలో ఎక్కువగా చెడేది ఈ విరామాలే. ఇది వినండి.

[ధ్వని: డి-డా, విరామం, డా-డిట్. తర్వాత విరామం లేకుండా: డి-డా-డా-డిట్.]

వ్యాఖ్యాత: మొదటిది ఎ, ఎన్. విరామం మింగేస్తే అది పి అయిపోయింది. మీ పంపకాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినండి. మీరే రాసుకోలేకపోతే అవతలి మనిషీ రాసుకోలేడు.

పరీక్షకు వెళ్ళేవాళ్లకు ఒక్క మాట. అక్కడ అక్షరాలు కూడా నెమ్మదిగా సాగదీసి రావచ్చు. 20 పదాల నడకకు అలవాటుపడ్డ చెవికి అది కొత్తగా అనిపిస్తుంది. కాబట్టి చివరి రెండు వారాలు అసలైన 8 పదాల వేగంలో, సాగిన అక్షరాలతో రోజూ కాసేపు వినండి. పంపడం స్ట్రెయిట్ కీ, అంటే చేత్తో నొక్కి వదిలే మామూలు కీ మీదే సాధన చేయండి, డిట్లు, డాలు వాటంతట అవే వచ్చే ప్యాడిల్ తర్వాత చూసుకోవచ్చు.

లైసెన్సు వచ్చేదాకా కీని ఆసిలేటర్‌కే తగిలించండి. వచ్చాక సాయంత్రం 40 మీటర్ల బ్యాండులో 7 మెగాహెర్ట్జ్ మొదటి భాగం వినండి. మొదటి సంభాషణలో వచ్చేవి ఎలాగూ తెలిసినవే: కాల్‌సైన్ అనే రేడియో పేరు, 599 లాంటి సిగ్నల్ రిపోర్టు, పేరు, ఊరు, చివర శుభాకాంక్షలు చెప్పే 73. అవి కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి. అవతలివాళ్లు మీకంటే వేగంగా పంపుతుంటే క్యూ, ఆర్, ఎస్ అని పంపండి, నెమ్మదిగా పంపమని దాని అర్థం. మంచి ఆపరేటర్ వెంటనే తగ్గిస్తాడు. మీరు సి, క్యూ ఏ వేగంలో వేస్తే జవాబు ఆ వేగంలోనే వస్తుంది కాబట్టి, చెవి అందుకోగలిగినంత వేగంలోనే వేయండి.