పొట్ట లోపలికి లాగితే కోర్ వచ్చేసినట్టేనా?

[స్క్రీన్: ఒంటికాలి మీద నిలబడిన డాన్సర్. కెమెరా మెల్లగా పాదం దగ్గరికి వస్తుంది.]

ఆ చీలమండ చూడండి. పైకి కదలకుండా నిలబడినట్టే ఉంది. కానీ ఎంత హడావుడిగా సర్దుకుంటోందో! ఆ సర్దుబాటు గురించే ఈ వీడియో.

"పొట్ట లోపలికి లాగు!" డాన్స్ క్లాసులో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. విన్నప్పుడల్లా లాగాను కూడా. ఊపిరి బిగబట్టి, భుజాలు చెవుల దాకా ఎక్కించి, కొయ్యబొమ్మలా తిరిగాను. బ్యాలెన్స్ మాత్రం రాలేదు.

[యానిమేషన్: మొండెం లోపల ఒక డబ్బా ఆకారం.]

కోర్ అంటే పైకి కనిపించే సిక్స్ ప్యాక్ కాదు. నడుం చుట్టూ లోపల ఉండే కండరాల గుంపు. దాన్ని ఒక డబ్బా అనుకోండి. పైన మూత డయాఫ్రం. అడుగున పెల్విక్ ఫ్లోర్, అంటే కటి అడుగు కండరాలు. చుట్టూ నడికట్టులా ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. వెనక వెన్నుపూసలను పట్టి ఉంచే మల్టిఫిడస్. మూత మన ఊపిరి కండరమే కాబట్టి, ఊపిరి బిగబట్టి డాన్స్ చేస్తే డబ్బా సరిగా పనిచేయదు.

బలం ఒక్కటే చాలదు, అది సమయానికి అందాలి. 1996లో పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ ప్రచురించిన పరిశోధనలో, చెయ్యి ఎత్తమంటే చేతి కండరం కంటే ముందే ఈ నడికట్టు కండరం పని మొదలుపెట్టింది. నడుంనొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యమైంది. అంటే చెయ్యి కదలకముందే నడుం సిద్ధమవుతోందన్నమాట.

[స్క్రీన్: వెల్లకిలా పడుకుని డెమో.]

దీనికి నాకు నచ్చిన వ్యాయామం డెడ్ బగ్, అంటే చచ్చిన పురుగు. పేరు చూసి నవ్వకండి. వెల్లకిలా పడుకుని చేతులు పైకి చాపండి. తుంటి, మోకాళ్లు 90 డిగ్రీల్లో మడవండి. ఊపిరి వదులుతూ కుడి చెయ్యి, ఎడమ కాలు నేల వైపు దించండి. నడుం నేల మీంచి లేవబోతుందనిపించిన చోట ఆగిపోండి. ఈ రోజుకి మీ హద్దు అదే. ఎన్నిసార్లు చేశామన్న లెక్క నేను పెద్దగా పట్టించుకోను. ఆ హద్దు తెలియడమే ముఖ్యం.

[స్క్రీన్: గోడ పక్కన ఒంటికాలి మీద.]

ఇప్పుడు గోడ పక్కన ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి. తర్వాత కళ్లు మూసుకుని ప్రయత్నించండి. ఊగిపోయారా? అందరూ ఊగుతారు. కళ్లు తోడు లేనప్పుడు లోపలి చెవి, పాదాల స్పర్శ, కండరాల్లోని సెన్సర్లే భారం మోయాలి. ఒళ్లు తన స్థితిని తానే పసిగట్టే ఈ శక్తికి 1906లో బ్రిటిష్ శాస్త్రవేత్త షెరింగ్టన్ ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు.

అందుకే ఎప్పుడూ అద్దం ముందే ప్రాక్టీస్ చేయడం నాకు నచ్చదు. కళ్లు దిద్దేస్తుంటే ఒంటికి పనేముంది?

అద్దానికి వీపు పెట్టి ఒక భంగిమలో ఆగండి. చేతులు ఎంత ఎత్తులో ఉన్నాయో, బరువు ఏ పాదం మీదుందో ముందు పైకి చెప్పండి. తర్వాతే ఫోన్‌లో రికార్డింగ్ చూడండి.

[స్క్రీన్: నా మొదటి రికార్డింగ్.]

ఇది నాది. రెండు చేతులూ భుజాలకు సమానంగా ఉన్నాయని బల్లగుద్ది చెప్పాను. ఎడమ చెయ్యి ఎక్కడుందో చూడండి, జానెడు కింద.