టెన్నిస్ అంటే అసహ్యమన్న ఛాంపియన్: అగస్సీ ‘ఓపెన్’ రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ పుస్తకం ఒక పుస్తకాల షాపు వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు. నేరుగా విషయానికి వస్తాను.

అమెరికా టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ ఆత్మకథ ‘ఓపెన్’, 2009లో వచ్చింది. మొదటి పేజీల్లోనే టెన్నిస్ అంటే తనకు అసహ్యం అనేస్తాడు. అక్కడే పుస్తకం మూసేశాను. ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు, 1996లో ఒలింపిక్ స్వర్ణం ఇచ్చిన ఆటని అంత మాట ఎలా అంటాడండీ? నేను పదేళ్లు బ్యాడ్మింటన్ ఆడాను. ఆట నాకు ఒక్క రూపాయి తెచ్చిపెట్టలేదు, అయినా ఇప్పటికీ ప్రాణం.

రెండు రోజులాగి మళ్లీ తీశాను. ఈసారి ‘డ్రాగన్’ దగ్గర ఆగిపోయాను. అది బంతులు విసిరే యంత్రం. లాస్ వెగాస్‌లో ఇంటి వెనకే కోర్టు. పెరట్లో కోర్టు పడుతుందో లేదో కొలిచి చూసుకుని మరీ ఆ ఇల్లు కొన్నాడు తండ్రి. ఆయన ఇరాన్ తరఫున 1948, 1952 ఒలింపిక్స్‌లో ఆడిన బాక్సర్. ఏడేళ్ల పిల్లాడు రోజుకి 2,500 బంతులు కొట్టాలి. ఏడాదికి పది లక్షలు కొట్టినవాణ్ణి ఎవరూ ఓడించలేరని ఆయన లెక్క. ఈ భాగం మూడుసార్లు చదివాను. గుంటూరులో తెల్లవారుజామున ఐదింటికి మా నాన్న స్కూటర్ తీసేవారు. కానీ ప్రతిరోజూ, “వెళ్దామా అమ్మా?” అని అడిగేవారు. నేను వద్దన్న రోజున స్కూటర్ మళ్లీ లోపల పెట్టేసేవారు. ఆ పిల్లాణ్ణి అలా అడిగినవాళ్లు లేరు.

2014లో వచ్చిన సచిన్ ఆత్మకథలో తండ్రి దేవుడే. 1999 ప్రపంచకప్ మధ్యలో ఆయన పోతే, అంత్యక్రియలకు వెళ్లి తిరిగొచ్చి కెన్యాపై 140 కొట్టాడు. నా మనసు ఇప్పటికీ ఆ పుస్తకం వైపే ఉంటుంది.

విగ్గు కథ మాత్రం కట్టిపడేస్తుంది. 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కి ముందు రాత్రి విగ్గు పాడైపోయింది. పిన్నులతో నిలబెట్టుకుని కోర్టులోకి వెళ్లాడు. గెలవాలని కాదు, విగ్గు ఊడకూడదని మొక్కుకున్నాడు. ఓడిపోయాడు కూడా.

నాకు మింగుడుపడనిది 1997 సంగతి. డ్రగ్స్ తీసుకుని దొరికిపోయాడు. పొరపాటున వేరేవాళ్ల డ్రింక్ తాగానని అబద్ధపు ఉత్తరం రాశాడు, అధికారులు నమ్మి వదిలేశారు. పుస్తకంలో ఒప్పుకున్నాడు, సరే. అదే టోర్నీల్లో నిజాయితీగా ఆడి ఓడినవాళ్ల మాటేమిటి? నాకు ఇంకా కోపంగానే ఉంది.

సంభాషణలకి కొటేషన్ గుర్తులు ఉండవు, ఎవరు మాట్లాడుతున్నారో కాస్త తికమక పడతారు. ఇంగ్లిష్ మాత్రం తేలికే.

కొనండి. ఆయనతో పేజీపేజీకీ గొడవపడ్డాను, అయినా రాత్రి రెండింటిదాకా వదల్లేకపోయాను. ఈ కాపీ రేపు మా నాన్నకి ఇస్తున్నాను, డ్రాగన్ పేజీ దగ్గర గుర్తు పెట్టి.